నీళ్ల చప్పుడు

"స్నానమైందా అమ్మాయ్?"

పొద్దున్నే మా అత్తగారు అడిగే మొదటి మాట ఇది. కోడలు స్నానం చేసి వండితేనే ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంటారు. కోనసీమలో అలాగే తిన్నారు, కెనడాలోని ఈ విన్నిపెగ్ వచ్చాకా అలాగే తింటున్నారు. బయట మైనస్ ముప్ఫై ఉంటే ఉండనీండి, మడి మడే.

"అయిందండీ అత్తయ్యగారూ," అంటాను నేను. పచ్చి అబద్ధం.

నాకు నెత్తుటి జబ్బు. పాలిసైథీమియా వెరా అంటారు, అరుదైన బ్లడ్ క్యాన్సర్. ఒంట్లో రక్తం అవసరానికి మించి ఊరి చిక్కబడిపోతుంది. అందుకని అప్పుడప్పుడూ హాస్పిటల్‌కి వెళ్లి చేయి చాపితే ఓ సంచీడు రక్తం తీసి పారేస్తారు. గడ్డ కట్టకుండా మాత్రలు మింగుతాను. చూడ్డానికి మాత్రం బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటాయి. గుళ్లో కనిపించిన పిల్లలంతా "ఏం గ్లో ఆంటీ మీది!" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

అంతకన్నా పెద్ద బాధ దురద. ఈ జబ్బున్న వాళ్లలో కొందరికి వస్తుందట. స్నానం చేసి తుడుచుకోగానే మొదలవుతుంది. దద్దురు ఉండదు, మచ్చ ఉండదు, చర్మం కింద ఎర్రచీమలు పాకినట్టు ఉంటుంది. గోకితే పోదు. బాత్‌రూమ్ నేల మీద కూర్చుని, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తాను. డాక్టరుగారు ఒకదాని తర్వాత ఒకటి మందులు మార్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. అందుకని శుభ్రం కోసం వారానికి ఒకటి రెండుసార్లు స్నానం చేసి ఆ నరకం పడతాను. మిగతా రోజులు నాటకం. తలుపు గడియ పెట్టి, షవర్ తిప్పి, పొడిబట్టలతో పక్కన నిలబడతాను. అత్తగారికి చూపు దాదాపు పోయింది. ఆవిడ గది బాత్‌రూమ్‌ని ఆనుకునే ఉంది. ఆ నీళ్ల చప్పుడే ఆవిడకి నా మడి.

నిజం చెప్పేయొచ్చు కదా అంటారు. మా ఆయనతో నేనూ అదే అన్నాను. మా ఆయన రామ్మోహన్ డ్యాములు కట్టి రిటైరైన ఇంజనీరు. నదులకు అడ్డం నిలబడ్డ మనిషికి తల్లి ముందు నోరు పెగలదు.

"అమ్మకి చెప్పకు సుధా. నాన్న పోయింది బ్లడ్ క్యాన్సర్‌తోనే. ఆ మాట మళ్లీ వింటే తట్టుకోలేదు," అన్నారు.

"నాది ఆ రకం కాదుగా. చెబితే అర్థం చేసుకుంటారు."

"క్యాన్సర్ అన్నాక రకాలు ఎవరు వింటారు? ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా ఉండనీ."

ఎవరు ఉన్నన్నాళ్లు అని అడగబోయి ఊరుకున్నాను.

అదీ నా బతుకు, అడకత్తెరలో పోకచెక్క. స్నానం చేస్తే ఒంటికి చిత్రహింస, చేయకపోతే మనసుకి. నేను పెద్ద భక్తురాలిని కాను. కానీ ఆవిడ నేను వండిన అన్నం దేవుడికి చూపించి, కళ్లకద్దుకుని తింటుంటే నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుంటుంది. కాసేపు బయటికి పోయి ఊపిరి పీల్చుకుందామంటే మోకాలెత్తు మంచు. కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పేరుకుంటుంది. నా లోకమంతా ఆ వంటిల్లు, ఆ బాత్‌రూమ్, ఆ షవరే.

హాస్పిటల్ నర్సు ఒకసారి నా మొహం చూసి, ఈ జబ్బున్న వాళ్లంతా నెలకో శనివారం ఆన్‌లైన్‌లో కలుస్తారని చెప్పింది. చేరాను, సరే, ఎక్కడ కూర్చుని మాట్లాడను? అత్తగారి చెవులు పాము చెవులు. ఇంగ్లీషు రాకపోయినా క్యాన్సర్ అన్న మాట ఆవిడకి తెలుసు. చివరికి అదీ బాత్‌రూమ్‌లోనే. షవర్ తిప్పి, కమోడ్ మూత మీద కూర్చుని, ఫోన్ వాష్‌బేసిన్ మీద నిలబెట్టి అందరి మాటలూ వినేదాన్ని. నా మైకు ఎప్పుడూ మ్యూట్‌లోనే.

జనవరిలో మీటింగ్ నాడు మా ఆయన డ్రైవ్‌వేలో మంచు తోస్తున్నారు. అత్తగారికి శనివారం ఒంటిపూట భోజనం. జపం ముగించుకుని, షుగర్ మాత్ర వేసుకుని, నేను పిలుస్తానని ఎదురుచూస్తున్నారు. వంట అప్పటికే అయిపోయింది. వడ్డించేముందు ఇంకోసారి స్నానమని చెప్పి బాత్‌రూమ్‌లో దూరాను.

మీటింగ్‌కి ఎడ్మంటన్ యూనివర్సిటీ నుంచి ఒక రీసెర్చ్ డాక్టరమ్మ వచ్చింది. ఈ దురద మీద స్టడీ మొదలుపెడుతున్నారట. "రక్తపరీక్షల్లో ఇది కనబడదు. మీరు చెబితేనే మాకు తెలుస్తుంది," అంది. గ్రూపు నడిపే డెబ్బీ నన్ను పిలిచింది. "సుధా, మీరు ఒక్కసారైనా మాట్లాడలేదు. చెబుతారా?"

మ్యూట్ తీశాను. నోరు తెరిచేలోగా, వాల్టర్ అనే ముసలి రైతు నవ్వాడు. "ఏమిటమ్మా, మీ దగ్గర వాన పడుతోందా?"

"మీ మాట ఒక్కటీ వినబడడం లేదు. ఆ చప్పుడు ఆపగలరా?" అంది డాక్టరమ్మ.

కుళాయి వైపు చూశాను. కట్టేస్తే గోడవతల వినబడుతుంది. కట్టకపోతే నా మాట ఇక ఎవరికీ వినబడదు. ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. లేచి షవర్ కట్టేశాను.

చెప్పాను. వచ్చిన ఇంగ్లీషులో, రానిచోట తెలుగులో. నీళ్లంటే భయమని, చీమలని, రోజూ ఒక పెద్దావిడని మోసం చేసి అన్నం పెడుతున్నానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. వాల్టర్ టోపీ తీశాడు. "నేను స్నానం చేసి గరాజ్‌లో సిమెంటు నేల మీద దొర్లేవాణ్ణి. పిచ్చెక్కిందని మా ఆవిడ అనుకుంది," అన్నాడు. అది విన్నాక నా ఏడుపు ఆగలేదు. నాలా అల్లాడే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉన్నారు.

తలుపు మీద చప్పుడు. "అమ్మాయ్! నీళ్లు ఆగిపోయాయేం? ఏడుస్తున్నావా?"

ఫోన్ ఆపి తలుపు తీశాను. అత్తగారు వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. చేయి చాచి నా జుట్టు తడిమారు. జాకెట్టు తడిమారు. చేయి పట్టుకుని మణికట్టు దాకా తడిమారు.

"పొడిగా ఉన్నావే."

ఇక దాచేదేముంది. అన్నీ చెప్పేశాను, క్యాన్సర్ అన్న మాటతో సహా. ఆవిడ వాకర్ సీటు మీద కూలబడ్డారు.

"మీ మామగారిదేనా?"

"కాదండీ. ఇది నెమ్మదిది. మందులతో చాలా ఏళ్లు నెట్టుకురావచ్చట. కానీ పోదు."

"రామానికి తెలుసా?"

"తెలుసు. మీరు తట్టుకోలేరని ఆయనే వద్దన్నారు."

నిదానంగా అన్నారు: "రోగిష్టి మనిషికి విభూతి పెట్టుకున్నా స్నానమే. మా అత్తగారికి పక్షవాతం వస్తే అలాగే చేశాం. నన్నడిగితే చెప్పేదాన్నిగా. ఈ చప్పుళ్లు వినిపించడమేమిటమ్మాయ్? నాకు కళ్లు లేవనేగా?"

నేలలోకి కుంగిపోయాను. "తప్పయిపోయింది. రండి, వడ్డిస్తాను. మాత్ర వేసుకున్నారు కూడా."

"ఇవాళ నీ చేతి అన్నం నాకొద్దు."

చేతులు పట్టుకుని బతిమాలాను. వినలేదు. గోడ తడుముకుంటూ వెళ్లి, బల్ల మీద అరటిపండు తీసుకుని తన గదిలో కూర్చున్నారు. మా ఆయన బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చి, సంగతి విని గుడ్లురిమారు. "చెప్పేశావా? నేనేం చెప్పాను నీకు?"

"మీరు చెప్పినట్టే ఇన్నేళ్లూ విన్నాను. ఆవిడ అరటిపండు తిని పడుకున్నారు. వెళ్లి చూడండి, తట్టుకున్నారో లేదో."

వెళ్లారు. తల్లి మాట్లాడలేదట. సాయంత్రం కొడుకు ఇచ్చిన పాలు మాత్రం తాగారు. రాత్రంతా ఆవిడకి షుగర్ పడిపోతుందేమోనని చెవులు రిక్కించి పడుకున్నాను.

మర్నాడు లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్లాను. అలవాటుగా చేయి షవర్ మీదికి పోయింది. తీసేశాను. మొహం కడుక్కుని వచ్చి పొయ్యి వెలిగించాను. నీళ్ల చప్పుడు లేని ఆ ఇల్లు నాకే కొత్తగా ఉంది. పప్పు తాలింపు వేస్తుంటే వెనక వాకర్ చప్పుడైంది. తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు.

"స్నానమైందా అమ్మాయ్?"

గరిటె పక్కన పెట్టాను.

"లేదండీ."

"ఇటు రా."

వెళ్లి ముందు వంగాను. ఆవిడ చేతిలో విభూతి భరిణె ఉంది. తడిమి తడిమి నుదురు వెతుక్కుని, అడ్డంగా రాశారు. కొంచెం కంట్లో కూడా పడింది.

"ఇది దురద పెట్టదుగా?"

"లేదండీ."

"అయితే వడ్డించు. నిన్నట్నుంచీ ఆకలేస్తోంది."