ఇంజన్ల అడుగున రంగు బిళ్లలు

ఉన్నట్టుండి మనుషులు మంచివాళ్లయిపోతే భయపడాలి. ఆ సంగతి వాచీ మేస్త్రికి తెలియక కాదు, తన దాకా వచ్చేసరికి తట్టలేదు, అంతే.

మేస్త్రికి వీధివైపు గదిలో వాచీలు బాగుచేసే దుకాణం, మేడమీద గదిలో రైళ్లు. గోడ నుంచి గోడ దాకా ప్లైవుడ్ బల్ల, దాని మీద రెండు చుట్ల బుల్లి పట్టాలు, ఓ సొరంగం, అగ్గిపెట్టంత స్టేషను. గోడకున్న అరల్లో ఇరవై రెండు ఆవిరి ఇంజన్లు. కొన్నవి కొన్ని, ఆకురాయితో అరగదీసి టంకం పెట్టి సొంతంగా చేసినవి కొన్ని. ఇరవై మూడోది పనిబల్ల మీద సగంలో ఉంది. చక్రాలు ఎక్కాయి, బాయిలరు ఇంకా ఎక్కలేదు. అది పూర్తయి ఒక్క చుట్టు తిరిగితే చాలు, నాకు ఇంకేమీ అక్కర్లేదు అని ఏడాదిగా ఆయన పాట.

ప్రతి ఆదివారం ముగ్గురు స్నేహితులు వచ్చేవారు. టైలరు, మందులషాపాయన, డ్రాయింగు మాస్టారు. అందరికీ ఇదే పిచ్చి. వాళ్లది స్నేహమా, పోట్లాటా అని మేస్త్రి భార్యకే అనుమానం. ఒకడు ఎడ్డెమంటే ఇంకొకడు తెడ్డెం. పొగగొట్టం ఎత్తు ఎంతుండాలన్న దాని మీద మాస్టారూ మేస్త్రీ మూడు నెలలు మాట్లాడుకోలేదంటే చూసుకోండి.

అలాంటిది, రెండు నెలలుగా ముగ్గురూ వెన్నపూసలైపోయారు. "నువ్వన్నదే రైటు మేస్త్రీ," అంటాడు మాస్టారు, పుట్టి బుద్ధెరిగి అనని మాట. టైలరు ఎక్కడెక్కడో వెతికి ఇత్తడి రేకు తెచ్చిపెట్టాడు. మందులషాపాయనైతే మెట్లెక్కేటప్పుడు మోచెయ్యి పట్టుకున్నాడు. "నేనేం పెళ్లికూతుర్నా, వదలవయ్యా!" అని మేస్త్రి విసుక్కుంటే నవ్వను కూడా లేదు. వెళ్లేముందు మాత్రం ముగ్గురిదీ ఒకటే ప్రశ్న. "బాయిలరు ఎప్పుడు బిగిస్తావ్?"

అతి వినయం ధూర్త లక్షణం అని పెద్దలు ఊరికే అన్నారా? మేస్త్రి మాత్రం, ఒంట్లో బాగాలేదని జాలిపడుతున్నారు కాబోలు అనుకున్నాడు. నాలుగు నెలలుగా ఆయనకు కడుపులో నొప్పి. పరీక్షలన్నీ చేయించారు. రిపోర్టు భార్యే వెళ్లి తెచ్చింది. "గ్యాసేనట. మాత్రలు వాడితే పోతుందట," అంది. హమ్మయ్య అనుకున్నాడు. నొప్పి పోలేదు సరికదా, మనిషి సగమయ్యాడు.

ఆ శనివారం మధ్యాహ్నం కాస్త నిమ్మళంగా అనిపించి మేడెక్కాడు. ఇంజన్లకు నూనె చుక్క పడి చాలా కాలమైంది. ఐదో నంబరు తీసి, ఇరుసులకు నూనె పెడదామని తిరగేశాడు. అడుగున చిన్న ఎర్ర కాగితం బిళ్ల అతికించి ఉంది.

ఎవడి పనిది అని గోటితో గీకబోయి ఆగిపోయాడు. పక్క ఇంజను తిరగేశాడు. నీలం. దాని పక్కది పసుపు. మళ్లీ ఎరుపు. ఇక ఆగలేక ఇరవై రెండూ తిప్పి చూశాడు. అన్నిటికీ ఆ మూడు రంగులే. ఆకుపచ్చ ఒక్కటీ లేదు. ఉండదు మరి, ఆకుపచ్చ ఆయనది.

ఆ బిళ్లలు ఆయన దుకాణంలోవే. బాగైన వాచీల వెనక అంటించడానికి తెచ్చుకున్నవి. వాటిని ఈ పనికి వాడదామన్న బుర్ర కూడా ఆయనదే. వాళ్ల జట్టులో మొదట పోయిన ఓ పెద్దాయన ఇంజన్లను కొడుకులు తూకానికి అమ్మేశారు. ఇత్తడి ఒక గోనెలో, ఇనుము ఒక గోనెలో. అది చూసి మిగతావాళ్లు కడుపు మండి ఓ కట్టుబాటు పెట్టుకున్నారు. తమలో ఎవరికైనా డాక్టరు చేతులెత్తేశాడని ఇంటివాళ్లు చెబితే, ఎవరికి ఏ ఇంజనో ముందే అడుగున గుర్తు పెట్టుకోవాలి. రోగికి తెలియకూడదు. ఇంటివాళ్లు చెప్పనిదే బిళ్ల అంటించకూడదు. ఎరుపు టైలరుది, నీలం మాస్టారిది, పసుపు మందులషాపాయనది.

ఆ కట్టుబాటు అమలైంది ఒక్కసారే, జట్టులోని పొగాయన విషయంలో. ఇంజన్లోంచి నిజం పొగ రప్పించేవాడని ఆయనకా పేరు. "ఆ నల్లది ఎలా నడుస్తోంది మేస్త్రీ?" అని పొగాయన మంచం మీద నుంచి అడుగుతుంటే, "దానికేం, గుర్రంలా ఉంది" అంటూనే మేస్త్రి దాని పొట్టకింద ఆకుపచ్చ బిళ్ల అదిమాడు. ఆ తర్వాత పొగాయన ఏడు ఆదివారాలు ఉన్నాడు.

మేస్త్రి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. స్నేహితులు మంచివాళ్లయిన దగ్గర్నుంచి ఎనిమిది ఆదివారాలు అయిపోయాయి.

పనిబల్ల మీద ఉన్న సగం ఇంజనును కూడా తిరగేశాడు. అడుగున పసుపు బిళ్ల, దాన్ని సగం చింపి నీలం, నీలం మీద ఎరుపు. దీనికోసం కొట్టుకున్నారన్నమాట. బాయిలరు ఎప్పుడు, బాయిలరు ఎప్పుడు అని ప్రాణం తీసింది ఇందుకా! "వెధవల్లారా," అన్నాడు పైకే. ఇది కోపమే అని తనకు తాను చెప్పుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

భార్య మెట్లెక్కి వచ్చింది, ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్లగ్లాసు. "వేళ దాటిపోయింది, ఇక్కడేం చేస్తున్నారు?"

మేస్త్రి ఇంజనును తలకిందులుగా ఆమె ముందు పెట్టాడు. ఆమె చూసింది. గ్లాసును తీసుకెళ్లి పట్టాల మధ్యన పెట్టింది. ఇంకో రోజైతే ఆ పనికి ఇల్లెగిరిపోయేది.

"ఇవేంటండీ అని అడగవేం?" అన్నాడు.

ఆమె తల దించుకుంది.

"గ్యాసన్నావు."

"అన్నాను."

"వాళ్లకు చెప్పిందెవరు?"

"నేనే," అంది. "పొగాయన ఇంటినుంచి వచ్చిన రోజు మీరే కదా అన్నారు. రేపు నాకైనా ఇంతే, వాళ్లకు చెప్పెయ్, తూకానికి మాత్రం పోనివ్వకు అని. మీ మాటే చేశాను. మీరు కింద పడుకుని ఉంటే నా చేత్తో ఈ గది తలుపు తీశాను. ఆ పూట నాకెలా ఉందో మీకేం తెలుసు?"

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"పొగాయనకు మీరు చెప్పారా?"

ఆ రోజు మేస్త్రి అదంతా దయ అనుకున్నాడు. ఇప్పుడు సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే భయం కూడా వచ్చింది, తప్పిపోయిన పిల్లాడికి వేసేలాంటి భయం.

"ఎన్నాళ్లన్నాడు డాక్టరు?"

"మొన్న అడిగితే, ఈ నెల గడిస్తే గొప్పన్నాడు."

నెలాఖరుకు పన్నెండు రోజులుంది. మేస్త్రి సగం ఇంజను వంక చూశాడు. బాయిలరుకు నాలుగు రోజులు. పిస్టన్లకు మూడు. గొట్టాలకు మూడు. రంగు మూడు పూతలు వెయ్యాలి, ఆరడానికే వారం. ఎటు కూడినా చాలడం లేదు.

"రంగు మానేద్దాం," అన్నాడు చివరికి. "ఇత్తడి ఇత్తడిలాగే ఉంటుంది."

ఆమె ముఖం తుడుచుకుని తలూపింది.

మేస్త్రి టంకం పెట్టడానికి మంట వెలిగించాడు. బాయిలరు రేకును పట్టుకారుతో బిగించి, రెండో చేత్తో మంట దగ్గరికి తెచ్చేసరికి చెయ్యి వణికి రేకు జారింది. మళ్లీ పట్టాడు. మళ్లీ జారింది. మూడోసారి రేకు నేలమీద పడి దొర్లుకుంటూ బల్లకిందికి పోయింది. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

దుమ్ము దులపడం తప్ప ఇన్నేళ్లలో ఆ గదిలో దేన్నీ ముట్టుకోని మనిషి, వంగి రేకు తీసింది. ఆయన చేతిలోంచి పట్టుకారు లాక్కుంది.

"ఎక్కడ పట్టుకోవాలి?"

"వద్దే, చెయ్యి కాలుతుంది."

"కాలనివ్వండి," అంది. "ముందు మీరు మంట పెట్టండి."