ఎక్కిళ్ళు తెరిచిన దోవ

పొన్నమ్మ ప్రార్థనలో శక్తి ఉందని గుడియాత్తం చుట్టుపక్కల పది ఊళ్ళలో పేరు. ఒకసారి పక్కింటి పిల్ల జ్వరంతో మూలుగుతుంటే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఆ వెంటనే ఆటో పిలిపించి వేలూరు పెద్దాసుపత్రికి పంపించింది. పిల్ల బతికింది. ఊరు ప్రార్థనను గుర్తు పెట్టుకుని ఆటోను మరిచిపోయింది. అప్పటినుంచి శుక్రవారం వస్తే చాలు, కాలనీలో ఆమె గుమ్మం ముందు చెప్పులు గుట్టలు పడేవి.

ముప్పై ఏళ్ళు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చి, చూపు మందగించాక పని మానుకుంది పొన్నమ్మ. మనవరాలు జెన్సి చేత బైబిలు వాక్యం తమిళంలో చదివించుకునేది, జెబం, అంటే ప్రార్థన, మాత్రం తెలుగులో చేసేది. ఇదేమిటని ఎవరైనా అడిగితే, "దేవునికి రెండూ వచ్చు. నాకు ఏడ్చేదానికి తెలుగే వస్తాది" అనేది.

ఊరికి ఎడంగా ఉన్న ఆ దళితుల కాలనీ మోర్ధానాకు పోయే బస్సు దారిలో ఉంది. కాలనీవాళ్ళ సమాధుల తోట ఏటి ఒడ్డున ఉంది. తాతల కాలం నుంచి చెంగల్రాయలు కొబ్బరితోట వారగా ఉన్న బండి దోవలోనే శవాలను మోసుకుపోయేవాళ్ళు. మూడేళ్ళ కిందట చెంగల్రాయలు ఆ దోవకు అడ్డంగా రాతి కూసాలు పాతి ముళ్ళకంచె లాగించాడు. పెద్దమనుషులు పోయి అడిగితే, "పట్టాలో దోవ అనే మాట యాడుండాదో చూపించండప్పా" అన్నాడు. ఎక్కడా లేదు. ఆ దోవ నడిచిన కాళ్ళకు తెలుసుగాని కాగితానికి తెలియదు.

ఆ ఏడు వానల్లోనే పొన్నమ్మ భర్త దేవసహాయం పోయాడు. దోవ లేక, పెట్టెను భుజాల మీద పెట్టుకుని మొలలోతు నీళ్ళలో కాలవ దాటుతుంటే ఒకడి కాలు జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగి నీళ్ళు తాగింది. పొన్నమ్మ ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతి సోమవారం జెన్సిని వెంటబెట్టుకుని వేలూరు బస్సెక్కింది.

వేలూరు కలెక్టరాఫీసులో సోమవారం సోమవారం జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. వాటిని అక్కడ మను అంటారు. చెప్పుల ఫ్యాక్టరీలో పని చేసే జెన్సి సెలవు పెట్టి, గుండ్రటి తమిళ అక్షరాలతో మను రాసేది. పొన్నమ్మ వేలిముద్ర వేసేది. అర్జీ తీసుకునే గుమాస్తా నళిని రసీదు ఇచ్చేది. నెల తిరిగేసరికి, "మీ అర్జీ తగిన చర్య నిమిత్తం పంపబడినది" అని జవాబు వచ్చేది. ఎక్కడికి పంపారో ఆ చోటు పొన్నమ్మకు ఎప్పుడూ దొరకలేదు. అలా పదకొండు అర్జీలయ్యాయి.

ఇది పాస్టర్ ఏసుదాసుకు నచ్చలేదు. ఆయన వేలూరు నుంచి రెండు పెద్ద స్పీకర్లతో వచ్చి, కాలనీ చర్చికి శక్తి కూటాలనే ప్రార్థన సభలు నేర్పినవాడు.

"ఒక చేత్తో మను, ఇంకో చేత్తో జెబమా పొన్నమ్మా? అది నమ్మకం లేనట్టు గదా?" అన్నాడు ఒక ఆదివారం అందరి ముందూ.

"దేవుడు నాకు రెండు చేతులిచ్చినాడు గదా అయ్యగారూ. ఒకటి ఊరికే ఎందుకుండాల?" అంది పొన్నమ్మ.

పాస్టర్ మాటలతో ఊరుకోలేదు. బైబిలులో ఏడు రోజులు చుట్టూ తిరిగి కేకలు పెడితే యెరికో పట్టణం గోడలు కూలినట్టే ఈ కంచె కూలుతుందని చెప్పి, ఏడు రోజులు తోట చుట్టూ సంఘాన్ని నడిపించాడు. చెంగల్రాయలు వరండాలో కూర్చుని తిలకించాడు. కంచె పొడుగునా పెరిగిన గడ్డి ఇందరి కాళ్ళ కింద పడి బాగా అణిగిందని సంతోషించి, ఆరోరోజు అందరికీ లేత బొండాలు కొట్టించి ఇచ్చాడు. ఏడోరోజు బాకాలు ఊదారు, గొంతులు బొంగురుపోయేలా కేకలు పెట్టారు. ఒక కొబ్బరిమట్ట మాత్రం రాలింది. "ఆత్మలో గోడ పగిలిపోయింది, మాంసపు కళ్ళకు కనపడదు" అన్నాడు పాస్టర్. ఎనిమిదోరోజు చెంగల్రాయలు కంచెకు ఇంకో వరస తీగ కట్టించాడు. ఏడోరోజు సోమవారం పడింది కాబట్టి పొన్నమ్మ ఆ కేకలు వినలేదు. ఆమె వేలూరులో వరసలో నిలబడి ఉంది.

ఆ ఎండాకాలంలో చెంగల్రాయలుకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

మొదటి రోజు నవ్వుకున్నారు. రెండోరోజు చక్కెర మింగించారు. నాలుగోరోజుకు వేలూరు తీసుకుపోయారు. డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి, భయం లేదు, మాత్రలు వాడండి, తగ్గడానికి పదిరోజులు పట్టొచ్చు అన్నారు. చెంగల్రాయలుకు పదిరోజులు ఆగే ఓపిక లేదు. తిన్నది లోపల నిలవడం లేదు, కన్ను మూతపడటం లేదు. గుడులకు మొక్కారు, తాయెత్తు కట్టారు. తొమ్మిదోరోజు ఆయన భార్య లక్ష్మీదేవి కొడుకు జయకుమారును కాలనీకి పంపింది.

"మా నాయనకు జెబం చెయ్యాలంట. అమ్మ పిలవమనింది. సందె పొద్దుకు పెరటి తట్టు రా, ఎవరూ చూడకుండా" అన్నాడు జయకుమార్, బండి దిగకుండానే.

పొన్నమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "వస్తా నాయనా. పొద్దున్నే వస్తా. నా మొగుణ్ణి పోనీయని దోవలోనే వస్తా."

"ఆడ కంచె ఉండాది గదా?"

"ఉండాది. తీయండి."

ఆ మాట విని చెంగల్రాయలు మంచం మీద లేచి కూర్చున్నాడు. కుదరదు అనడానికి నోరు తెరిచిన ప్రతిసారీ ఎక్కిలి అడ్డం వచ్చింది. 'కు' దగ్గరే మూడుసార్లు ఆగిపోయాడు. లక్ష్మీదేవి నాలుగోసారి దాకా ఆగలేదు. పనివాళ్ళను పిలిచి నాలుగు కూసాలు పెరికించింది.

మర్నాడు పొద్దున పొన్నమ్మ జెన్సి చెయ్యి పట్టుకుని ఆ దోవలో నడిచింది. మూడేళ్ళు కాలు పడక నేలంతా పల్లేరు పాకింది. తోట ఇంట్లో మంచం మీద ఉన్న మనిషిని చూసేసరికి, దోవ పొడుగునా కూడగట్టుకున్న కోపం కొంచెం జారింది. దవడలు పీక్కుపోయి ఉన్నాయి. ఎక్కిలి వచ్చినప్పుడల్లా మనిషంతా ఎగిరి పడుతున్నాడు.

పొన్నమ్మ చెయ్యి ఎత్తి లక్ష్మీదేవి వైపు చూసింది. కాలనీ చెయ్యి ఆ ఇంట్లో ఎవరి తల మీదా ఇంతవరకు పడలేదు. లక్ష్మీదేవి ఒక క్షణం నేలకేసి చూసి, "పెట్టమ్మా" అంది.

పొన్నమ్మ కళ్ళు మూసుకుంది.

"దేవా, ఈయన బాధపడతా ఉండాడు, మాన్పు. పెండ్లాం బిడ్డలు తిండి మానేసి ఉండారు, వాళ్ళను చూడు. ఈయన మా దోవ దొంగతనం చేసినాడు, అది నువ్వు చూసినావు. దేవసహాయం పెట్టె నీళ్ళలో ఒరిగింది, అదీ చూసినావు. నీ పక్కన సిలువ మీద ఉన్న దొంగను క్షమించినావు గదా నాయనా, ఈ దొంగను కూడా..."

"ఎవర్ని దొంగ అంటా ఉండావు నువ్వు!" అని గర్జించాడు చెంగల్రాయలు. "అరవై ఎనిమిదేండ్లు! ఈ తాలూకాలో ఒక్కడు నన్ను ఆ మాట అనినాడా?"

అంత పొడుగు మాట మధ్యలో ఒక్క ఎక్కిలి రాలేదు. అందరూ ఆయన గొంతుకేసి చూస్తూ కూర్చున్నారు. ఆయన కూడా తన గొంతుకే చెవి ఒగ్గాడు. రాలేదు. గోడ గడియారం పది కొట్టింది. అప్పటికీ రాలేదు. లక్ష్మీదేవి పొన్నమ్మ కాళ్ళ మీద పడబోతే ఆమె గాభరాగా వెనక్కి జరిగింది.

తిరిగి వస్తుంటే జెన్సి అడిగింది. "అవ్వా, చిన్నప్పుడు నాకు ఎక్కిళ్ళు వస్తే బెల్లం దొంగిలించినావంట గదా అని బెదిరించేదానివి. అదేనా ఇది?"

"నేను దేవునికి రోజూ చెప్పేదే చెప్పినా మే. ఆయన వినేసినాడు, అంతే" అంది పొన్నమ్మ. విన్నది దేవుడా, చెంగల్రాయలా అన్నది ఆమె చెప్పలేదు. మాత్రల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

చెంగల్రాయలు మళ్ళీ కూసాలు పాతలేదు. పదకొండు అర్జీలకు కదలని మనిషి ఒక్క ఎక్కిలికి జడిసిపోయాడు. వారం తిరిగేలోపల గుడియాత్తం బస్టాండు దగ్గర పాస్టర్ ఏసుదాసు నిలువెత్తు బొమ్మతో బ్యానరు లేచింది. 'యెరికో కూలింది' అని దాని మీద రాశారు. వేలూరులో పెద్ద కూటం పెట్టి పొన్నమ్మను సాక్ష్యం చెప్పమన్నారు. ఆమె మైకు పట్టుకుని, "మా దోవ సర్వే నంబరు..." అని మొదలుపెట్టింది. వెంటనే డ్రమ్ములు మోగాయి, పాట అందుకున్నారు.

ఆ నెలలోనే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. దోవ తెరుచుకున్నందున అర్జీ ముగించబడినదని జెన్సి చదివింది. పొన్నమ్మ పన్నెండోసారి బస్సెక్కింది.

"దోవ వచ్చింది గదా అమ్మా, ఇంకేం కావాల?" అంది నళిని.

"ఎక్కిళ్ళకు భయపడి వదిలినాడు. ఆయన కొడుక్కు ఎక్కిళ్ళు రాకపోతే? రికార్డులో దోవ అని రాయించమ్మా."

నళిని అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు బదిలీ కావాలమ్మా. మా అమ్మ ఒక్కతే జోలార్పేటలో ఉండాది. నాకూ జెబం చేస్తావా?"

"చేస్తా. నువ్వు నా మను పైకి పంపు."

ఈసారి కాగితం నిజంగానే ఎక్కడికో చేరింది. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచాడు. పక్క భూమి యజమాని సంతకం కావాలన్నాడు. చెంగల్రాయలు ముఖం చిట్లించాడు.

"నడవమని వదిలినా గదా పొన్నమ్మా. నా మాట చాలదా? సంతకం పెట్టకపోతే ఏం చేస్తావు, జెబం చేస్తావా?"

"రోజూ చేస్తానే ఉండా కదప్పా" అంది పొన్నమ్మ. మామూలుగానే అంది. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి పోయింది. ఇంకో చేత్తో కలం అడిగి తీసుకున్నాడు.

ఆయన సంతకం పెడుతుంటే పొన్నమ్మకు అనుకున్నంత సంతోషం కలగలేదు. తప్పు చేశానని ఆయన ఒక్కసారైనా అంటాడేమోనని ఇన్నాళ్ళూ ఆశపడింది. ఆయన భయపడ్డాడే గాని ఆ మాట అనలేదు. సరే, కాగితం వచ్చింది. దేవసహాయం సమాధి దగ్గరికి పొడి కాళ్ళతో నడిచిపోయి, ఆ రోజు అక్కడ కూర్చుని తనివితీరా ఏడ్చింది.

ఆ సర్వే పటం నకలును జెన్సి ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకు తగిలించింది. తర్వాతి శుక్రవారం వచ్చినవాళ్ళు దాన్నే కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టారు. ఒకావిడ చంటిపిల్లను ఎత్తి దాని నుదురు పటానికి ఆనించింది. ఇంకొకాయన తన కాలినొప్పికి ఒక జెరాక్సు కావాలన్నాడు. పాస్టర్ దానికి నూనె రాసి అభిషేకిస్తానని కబురు పెట్టాడు.

ఆ గుంపులో పేర్ణాంపట్టు వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పొన్నమ్మ చెయ్యి పట్టుకుంది. "మా ఊర్లోనూ దోవ మూసేసినారమ్మా. నీ జెబంలో శక్తి ఉండాదంట. ఒక్కసారి చెయ్యమ్మా."

"చేస్తా అవ్వా. మీ దోవ సర్వే నంబరెంత?"

ముసలమ్మకు తెలియదు. పొన్నమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని జెన్సిని తెల్లకాగితం తెమ్మంది. ఆ రోజు ప్రార్థన ఆలస్యంగా మొదలయింది. జబ్బు పిల్లలతో వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ గుమ్మంలో కాచుకున్నారు.