అట్టపెట్టెలో నాన్న

లిఫ్టు మెకానిక్‌కి ఒక్కగానొక్క కూతురు. మూడున్నరేళ్ళది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు. ఆ పేరు ఇంట్లో ఉన్నంతసేపే చెల్లుతుంది. గడప దాటిందంటే నాన్న చొక్కా అంచు పట్టుకుని వెనక్కి నక్కుతుంది. ఎవరైనా పలకరిస్తే ముఖం ఆ చొక్కాలోనే దాచేస్తుంది.

పిడుగు తల్లి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పిల్ల పుట్టాక మానేసిన ఉద్యోగంలో మళ్ళీ చేరమని పిలుపు వచ్చింది. సరిగ్గా అప్పుడే వీధి చివర ప్రభుత్వం వాళ్ళు పిల్లల కేంద్రం తెరిచారు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా ఎవరినైనా చేర్చుకుంటారు. ఫీజు లేదు. టీచరు, ఆయా, బొమ్మలు, మధ్యాహ్నం భోజనం, అన్నీ ప్రభుత్వం ఖర్చే. ఒక్కటే షరతు పెట్టారు: కొత్త పిల్లలతో మొదటి వారం ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలి. తల్లికి ఆ సోమవారమే డ్యూటీ మొదలు. అందుకని మెకానిక్ సెలవు పెట్టాడు. పదకొండేళ్ళ ఉద్యోగంలో జ్వరం లేకుండా అతను పెట్టిన సెలవు అదొక్కటే.

అతనికి వేసిన కుర్చీ జానెడున్నర ఎత్తుంది. చెట్టంత మనిషి అందులో ఒదిగి కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పిల్లలు వచ్చి కాసేపు వింతగా చూసి పోయారు.

గదిలో పలకలు లేవు, బల్లలు వరసగా లేవు. ఒక మూల ఇసుక తొట్టి, ఇంకో మూల నీళ్ళ టబ్బు, చెక్క దిమ్మెలు, పాత దుప్పట్లు, ఖాళీ డబ్బాలు, ఎవరింట్లోనో ఫ్రిజ్ కొన్నప్పటి పెద్ద అట్టపెట్టె. పద్దెనిమిది మంది పిల్లలు ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు. మెకానిక్ గంటసేపు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక టీచరుని అడిగాడు.

"మేడమ్, చదువు ఎన్నింటికి మొదలవుతుంది?"

టీచరు చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. "ఈ కొస కాస్త పట్టుకోండి" అని ఒక దుప్పటి అంచు అతని చేతికిచ్చింది. పిల్లలు గుడారం కడుతున్నారు. ఏ కర్ర పొడుగు, ఏది పొట్టి అని నలుగురు కలిసి పెద్ద పంచాయతీ పెట్టారు. రెండు జడల పిల్ల ఒకతి కర్రలన్నీ పక్కపక్కన పరిచి తీర్పు చెప్పింది.

"ఇదేనండీ చదువు" అంది టీచరు. "అక్షరాలు ఎక్కడికీ పారిపోవు. ముందు వీళ్ళకి నోరు పెగలాలి, చెయ్యి తిరగాలి, పక్కవాళ్ళతో పొసగాలి."

మెకానిక్ తల ఊపాడు గానీ, ఆ మాట అతనికి ఎక్కలేదు.

మొదటిరోజు పిడుగు అతని ఒళ్ళోంచి దిగలేదు. రెండోరోజు దిగింది, చొక్కా వదల్లేదు. మూడోరోజు చొక్కా వదిలి, రెండు జడల పిల్ల పక్కన ఇసుకలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే జేబులో ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

"సెలవులో ఉన్నావని తెలుసు. మీ పక్క వీధి బట్టల షాపులో లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ముగ్గురున్నారు, ఒకాయనకి ఆయాసమట. నీకంటే దగ్గర్లో ఎవరూ లేరు."

మెకానిక్ కూతురి వైపు చూశాడు. ఇటు వీపు పెట్టి కూర్చుని డబ్బాలో ఇసుక కూరుతోంది. వంటింటి గుమ్మంలో ఉన్న ఆయా దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"పావుగంటలో వచ్చేస్తాను, ఆయమ్మా."

"పిల్లకి చెప్పి వెళ్ళు బాబూ."

"చెబితే ఏడుస్తుంది. ఆటలో పడింది, నేను గుర్తే రాను."

చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా బయటపడ్డాడు.

ముగ్గురినీ క్షేమంగా దించేసరికి పావుగంట కాస్తా గంటన్నర అయింది. తిరిగొస్తుంటే గేటు దగ్గరే వినిపించింది, జీరబోయిన గొంతు. పిడుగు గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంది. టీచరు బట్టల మీద ఆ మరక అలాగే ఉంది. ఆమె పిల్లని లోపలికి లాగడం లేదు. తనూ గుమ్మంలోనే కూర్చుని వీపు నిమురుతోంది.

పిడుగు తండ్రిని చూసింది. పరిగెత్తుకుని వస్తుందనుకున్నాడు. రాలేదు. ముఖం తిప్పేసుకుని టీచరుకి అతుక్కుపోయింది. 

టీచరు కోప్పడలేదు. "ఏడిస్తే ఊరుకోబెట్టడం మా పనేనండీ. అది మాకు వచ్చు. కానీ మీరు చెప్పకుండా మాయమైతే 'నాన్నేడీ' అంటే ఏం చెప్పను? పావుగంట అని ఆయాతో అన్నారట, ఎక్కడికో నాకూ తెలియదు కదా."

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన భార్యకి జరిగింది చెప్పాడు. ఆమె బట్టలు మడతపెడుతూ అంతా విని, ఒక్కటే అడిగింది.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి నువ్వు ముందు ఏం చేస్తావ్?"

"కేకేసి చెప్తాను. నేనొచ్చాను, ఇక్కడే ఉన్నాను, ఇంతసేపు పడుతుంది అని. ఆ మాట చెవిన పడితే సగం భయం పోతుంది."

ఆమె మడతపెట్టిన బట్టలు తీసుకుని లేచింది. 

నాలుగోరోజు పిడుగు చొక్కా కాదు, బెల్టు పట్టుకుంది. నీళ్ళు తాగడానికి లేచినా వెంటే నడిచింది. పదిగంటలప్పుడు ఒక గుడ్డబొమ్మని తీసుకెళ్ళి ఆ పెద్ద అట్టపెట్టెలో పెట్టి, రెక్కలు మూసేసింది.

"లిఫ్టులో ఇరుక్కుంది" అంది, తనలో తనే.

తెరిచి చూసింది. మళ్ళీ మూసింది. అలా ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. రెండు జడల పిల్ల వచ్చి పక్కన నిలబడింది.

"తియ్యడానికి ఎవరొస్తారు?"

"ఎవరూ రారు."

కుర్చీలో కూర్చున్న మెకానిక్ లేవబోయాడు. టీచరు దూరం నుంచే వద్దన్నట్టు చెయ్యి చూపించింది.

కాసేపటికి పిడుగు బొమ్మని బయటికి గిరాటేసి, తండ్రి వైపు వేలు చూపించింది. "నువ్వెళ్ళు."

అతను పాకుతూ పెట్టెలో దూరాడు. మోకాళ్ళు ముడుచుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. రెక్కలు మూసుకున్నాయి. చిన్న అడుగుల చప్పుడు దూరంగా వెళ్ళిపోయింది.

లోపల చీకటి, అట్ట వాసన. బయట నీళ్ళ చప్పుడు, దిమ్మెలు కూలిన చప్పుడు, ఎవరిదో నవ్వు. అందులో కూతురి గొంతు మాత్రం లేదు. వందల లిఫ్టుల తలుపులు తెరిచాడు గానీ, ఎప్పుడూ తను లోపల ఇరుక్కోలేదు. ఎటు వెళ్ళింది? నేనిక్కడున్నానని గుర్తుందా? రెక్క తొయ్యబోతుంటే టీచరు గొంతు మెల్లగా వినిపించింది. "కాసేపు ఉండండి." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చెమట పట్టింది. కాలు తిమ్మిరెక్కింది.

ఉన్నట్టుండి వెలుగు పడింది. పైన పిడుగు ముఖం.

"భయమేసిందా?"

"వేసింది."

"ఏడ్చావా?"

అతను అబద్ధం ఆడలేకపోయాడు. "ఏడుపొచ్చింది."

"నేను చెప్పకుండా వెళ్ళిపోయాను."

"అవును తల్లీ. నిన్న నేనూ అలాగే వెళ్ళాను. తప్పు నాదే. ఇంకెప్పుడూ అలా వెళ్ళను."

పిడుగు ముక్కు చీదింది. "మళ్ళీ" అని రెక్కలు మూసేసింది.

ఆరోజు అతను ఏడుసార్లు ఇరుక్కున్నాడు. నాలుగోసారి మూసే ముందు పిడుగు లోపలికి వంగి, "నీళ్ళ దగ్గరికెళ్ళి వస్తా. ఏడవకేం?" అంది. ఆ తర్వాత ప్రతిసారీ చెప్పే వెళ్ళింది. భోజనాల వేళకి మిగతా పిల్లలు కూడా, మేమూ ఇరుక్కుంటామని వరస కట్టారు. మెకానిక్ జేబులోంచి కత్తి తీసి పెట్టెకి పక్కకి జరిగే తలుపు కోసిపెట్టాడు. లిఫ్టు బటన్లు గియ్యమన్నారు. ఎన్ని అంతస్తులని అడిగితే ఒకడు మూడన్నాడు, ఇంకొకడు వంద. బేరాలాడి పదికి ఒప్పించేసరికి అతనికి తాతలు దిగివచ్చారు. పక్కనుంచి వెళ్తూ టీచరు ముసిముసిగా నవ్వింది.

శుక్రవారం పొద్దున అతను కూతురి ముందు గొంతుక్కూర్చుని, దాని కళ్ళల్లోకి చూస్తూ చెప్పాడు.

"నేను బయటికి వెళ్తున్నాను. ఇక్కడ భోజనం ప్లేట్లు పెట్టేసరికి వచ్చేస్తాను."

పిడుగు ఏడ్చింది. కప్పు ఎగిరిపోయేట్టు ఏడ్చింది. ఆయా ఎత్తుకుంది. మెకానిక్ వెనక్కి చూడకుండా వీధిలోకి వచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపు రెండు నిమిషాలు సాగింది, తర్వాత వెక్కిళ్ళు, తర్వాత ఏమీ వినపడలేదు. ఏడుపు కంటే అదే కష్టంగా అనిపించింది. కిటికీలోంచి ఆయా తల బయటపెట్టింది.

"అది ఊరుకుంది. నువ్వే ఇంకా తేరుకోలేదు. పో బాబూ, పోయి ఎక్కడైనా టీ తాగి రా."

వెళ్ళి రెండు టీలు తాగాడు. తిరిగొచ్చేసరికి లోపల చిన్న బల్లలు కలిపి వేస్తున్నారు. పిడుగు ఛాతీకి ఆనించి ప్లేట్ల దొంతర మోసుకొస్తోంది, నాలుక బయటపెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ. తండ్రిని చూసి, "వచ్చావా" అంది, పొరుగింటాయన్ని పలకరించినట్టు. ఒక్కొక్కరి ముందూ ఒక్కో ప్లేటు పెట్టుకుంటూ వెళ్ళి, చివర్లో ఖాళీ చేతులు చూసుకుంది.

"నీకు లేదు నాన్నా. అక్కడ కూర్చో."

అతను పిడుగు చూపించిన చోటే, గోడ పక్కన నేల మీద కూర్చుని, పిల్లలు తినడం చూశాడు.