పరామర్శ పాఠానికి ఫొటో లేదు

జనగామలోని ఉపదేశుల శిక్షణాలయంలో శాలువాలకు ఏనాడూ కరువు లేదు. కీర్తనలు నేర్పే ఉపేందర్ మాస్టారికి పద్నాలుగు ఉన్నాయి. చలికాలంలో ఆయన ఇంటిల్లిపాదీ సన్మానాలనే కప్పుకుని నిద్రిస్తారని ప్రతీతి. బైబిల్ క్విజ్‌కు పిల్లలను సిద్ధం చేసే సిస్టరమ్మ జ్ఞాపికలు బల్ల మీద చోటు చాలక కిటికీలోకి వలస వెళ్లాయి. పరామర్శ పాఠం చెప్పే సాలమ్మ టీచరుకు మాత్రం పందొమ్మిదేళ్ల సేవకు ఒక గొడుగు దక్కింది. అదీ ఎవరో మరిచిపోయి వెళ్లినది.

ఫాదరు నెలకొక్కసారి గాని రాలేని ఊళ్లలో ప్రార్థన నడిపి, రోగులను చూసి, చావు ఇళ్లలో కూర్చునేవాడు ఉపదేశి. ఆ కూర్చోవడం ఎలాగో నేర్పడమే సాలమ్మ విద్య. ఆ మహాశాస్త్రానికి సూత్రాలు మూడే. ఎట్లా పోయారని అడగరాదు. మా ఇంట్లోనూ ఇట్లాగే అయిందని చెప్పరాదు. లేచేటప్పుడు "పోయొస్త" అనరాదు. చావు ఇంటికి మళ్లీ వస్తాననడం మరో చావును పిలవడమేనని ఆ సీమలో పసిపిల్లలకూ తెలుసు. మాట లేకుండా లేచి రావాలి.

ఈ ఏడు శిక్షణాలయానికి రజతోత్సవం. విద్యార్థుల, పూర్వవిద్యార్థుల, అధ్యాపకుల విజయాలతో డైరెక్టర్ ఫాదర్ బాలశౌరి రంగుల సంచిక తలపెట్టారు. పాఠానికొక పేజీ, పేజీకొక ఫొటో. ఫొటో లేని పాఠం వచ్చే ఏడు టైంటేబుల్‌లో ఉండదు.

"ఏడ్చెటోళ్ల పక్కన కూసోని ఫొటో ఎవలు దిగుతరు ఫాదర్?" అంది సాలమ్మ.

"పందొమ్మిదేండ్లల ఒక్కటన్న లేదా టీచరమ్మా? సోమారం దాకా చూస్త."

ఆమె మొదట భూపాలపల్లిలో ఉపదేశిగా ఉన్న శిష్యుడు నగేశ్‌కు ఫోన్ చేసింది. పది నిమిషాల్లో ఫొటో వచ్చింది. శాలువా, పూలదండ, చిరునవ్వు, దేనికీ లోటు లేదు. బొగ్గుగని కాలనీ కబడ్డీ పోటీలకు రెఫరీగా నిలిచినందుకు జరిగిన సన్మానమది.

"చావింటిది అడిగిన నాయినా."

"ఓడినోళ్ల దగ్గర గూడ గంటసేపు కూసున్న టీచరమ్మా. గది పరామర్శ గాదా?"

ఇక మిగిలింది మరో శిష్యుడు, ఉపదేశి కట్టయ్య. శుక్రవారం సాలమ్మ రైల్లో వెళ్లి మహబూబాబాద్‌లో దిగి, ఆటోలో బయ్యారం దగ్గరున్న అతని ఊరు చేరింది. కట్టయ్య ఇంట్లో లేడు. అతని భార్య జగపతి పటేల్ ఇంటికి దారి చూపింది. పటేల్ భార్య పోయి ఐదు రోజులైంది. ఆ ఇంటివారు గుడికి వెళ్లేవారే గాని చర్చి గడప ఎరగరు. అయితే చావుకు మతం అడిగే అలవాటు కట్టయ్యకు లేదు.

షామియానా కింద బంధువులు ధైర్యాన్ని ధారాళంగా పంచుతున్నారు. ఒకాయన తన బామ్మర్ది గుండెపోటు వృత్తాంతాన్ని మూడోసారి మొదలుపెట్టాడు. పటేల్ మాత్రం ఐదు రోజులుగా పెదవి విప్పలేదట. కట్టయ్య ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, నడుమ నడుమ నీళ్ల గ్లాసు ముందుకు జరుపుతున్నాడు. పటేల్ ఎవరి చేతి నీళ్లూ ముట్టక, ఆ గ్లాసునే అందుకుంటున్నాడు.

తన పేజీ కళ్లముందు కదులుతుంటే సాలమ్మ ఫోన్ తీసింది. కట్టయ్య చూశాడు, మెల్లగా జరిగి వచ్చి ఆమె చెవిలో అన్నాడు.

"బ్యాగుల పెట్టుండ్రి టీచరమ్మా. నేను తీస్తుంటే మీరు ఊకుందురా?"

ఫోన్ బ్యాగులోకి పోయింది. దానితోపాటు పందొమ్మిదేళ్ల పాఠమూ పోయినట్టే. సిగ్గు ఒకవైపు, దిగులు ఒకవైపు లాగుతుండగా ఆమె లేచి, చేతులు జోడించి, "పోయొస్త పటేలా" అంది.

బామ్మర్ది గుండెపోటు నడుమన ఆగిపోయింది. ఒక ముసలవ్వ లెంపలు వేసుకుంది. ఆ శాస్త్రానికి ఈ భూమండలంపై ఉన్న ఏకైక ఆచార్యురాలు మూడో సూత్రంలో తప్పింది.

పటేల్ తలెత్తాడు.

"ఎప్పుడొస్తవు?"

షామియానా కింద తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"ఐదు రోజులసంది ఊరంత వచ్చింది. అందరు మూగోళ్ల లెక్క లేసి పోవుడే. మల్ల వస్తనన్నది నువ్వొక్కదానివే. ఎప్పుడొస్తవు?"

"సోమారం," అంది సాలమ్మ నోరు, ఆమెను సంప్రదించకుండానే.

"రా. మా ఇంటామె పెట్టిన మామిడికాయ తొక్కు జాడీ ఉన్నది. మూత తీయ చేతులొస్తలేవు. నువ్వొచ్చినంక తీద్దాం."

ఆటో ఎక్కకముందే ఆమె ఫాదర్‌కు ఫోన్ చేసింది.

"సోమారం నేను రాను ఫాదర్. నా పేజీ తీసెయ్యుండ్రి."

"ఫొటో దొరకలేదా?"

"దొరికింది. కట్టయ్య తీయనియ్యలే." జరిగినదంతా దాచకుండా చెప్పింది.

"అయితే శిష్యుడు గెలిచిండు, గురువు తప్పింది. గిది అధ్యాపకుల విజయాలల్ల రాయాల్నా, పూర్వవిద్యార్థుల దాంట్ల రాయాల్నా?"

"దేంట్లనూ రాయకుండ్రి. పటేల్ సంగతి పేపర్ల పడొద్దు."

"సరే. మూడో సూత్రమన్న మారుద్దమా?"

"వద్దు. నేనన్నది తప్పే. గని తప్పినంక మాట మీద ఎట్ల నిలవడాల్నో గూడ పిల్లలకు చెప్పాలె."

"దానికి వారానికి ఒక్క గంట సాలదు," అన్నారు ఫాదర్ బాలశౌరి. టైంటేబుల్ కాగితాలు తిరగేసిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. "రెండు రాస్తున్న. సోమారం మీరు బయ్యారం పోయి రాండ్రి టీచరమ్మా."