అనురాధ దాచిన ఫారం

శుక్రవారం పొద్దున ఏడు గంటలకే అనురాధ వ్యాను కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో మనీషా ఇంటి ముందు ఆగింది. ముందు సీట్లో మనీషా ఎక్కింది. వెనక సీట్లో అనురాధ కూతురు ప్రియ, మనీషా కొడుకు ఈషాన్. పిల్లలిద్దరిదీ ఒకే హైస్కూలు, ఒకే పదకొండో తరగతి. స్ప్రింగ్ బ్రేక్ కదా, డేవిస్‌లో యూనివర్సిటీ చూపించి తీసుకొద్దామని తల్లులిద్దరూ సెలవు పెట్టారు. మనీషా ఒళ్ళో డబ్బా నిండా సర్వపిండి, అనురాధ పక్కన ఫ్లాస్కులో కాఫీ. చూసినవాళ్ళెవరైనా, ఆహా, స్నేహమంటే ఇలా ఉండాలి అనుకుంటారు. మనమూ కాసేపు అలాగే అనుకుందాం.

కాసేపే. ఎందుకంటే ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకి ఒక గడువు ముగిసిపోతుంది. ఆ సంగతి బండిలో తల్లీకూతుళ్ళకి తెలుసు. తల్లీకొడుకులకి తెలియదు.

ఈ ఇద్దరమ్మల మధ్య మూడేళ్ళుగా ఒక ఒప్పందం నడుస్తోంది. స్కూల్లో పేరెంట్స్ మీటింగులు ఎప్పుడూ సాయంత్రాలే పెడతారు. మనీషాకి హాస్పిటల్ ల్యాబులో సాయంత్రం షిఫ్టు. అనురాధకి అదే సమయానికి ఇండియా టీముతో కాల్స్. అందుకని ఒకసారి ఈమె వెళ్తుంది, ఒకసారి ఆమె వెళ్తుంది. వెళ్ళినవాళ్ళు రెండోవాళ్ళ కోసం కూడా కాగితాలు తీసుకుని, పార్కింగ్ లాట్‌లోంచే ఫోన్ చేసి విన్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాలి. ఈషాన్ తొమ్మిదో తరగతిలో తన స్థాయికి తగని లెక్కల క్లాసులో పడకుండా కాపాడింది అనురాధ ఫోనే. ప్రియకి వేసవి స్కాలర్‌షిప్ సంగతి చెప్పింది మనీషా ఫోనే.

మార్చి మీటింగు వంతు అనురాధది. ట్వెల్త్‌లో ఏ కోర్సులు తీసుకోవాలో చెప్పే మీటింగు అది. అంతా అయ్యాక కౌన్సిలర్ ఒక మాట చెప్పింది. వచ్చే ఏడాది కొత్తగా బయాలజీ రీసెర్చ్ కోర్సు పెడుతున్నారు. పిల్లలు వారానికి రెండు రోజులు నిజమైన ల్యాబులో సైంటిస్టుల పక్కన పనిచేస్తారు. ఒక్కో హైస్కూలు నుంచి నలుగురికే చోటు. మామూలు కోర్సుల లిస్టులో అది ఉండదు, దానికి వేరే ఫారం. పిల్లలు ఒక పేజీ వ్యాసం రాయాలి, తల్లో తండ్రో ఆన్‌లైన్‌లో సంతకం పెట్టాలి. లింకున్న కాగితాలు పంచిపెడుతూ, రానివాళ్ళకి మీరే చెప్పండమ్మా అని మరీమరీ చెప్పింది ఆవిడ.

అలవాటు కొద్దీ అనురాధ రెండు కాగితాలు తీసుకుంది. పార్కింగ్ లాట్‌లో ఇరవై నిమిషాలు ఫోన్ మాట్లాడింది. అడ్వాన్స్‌డ్ కెమిస్ట్రీ టీచరు మారుతున్నాడని చెప్పింది, కాలేజీ అప్లికేషన్ వ్యాసాలు జూలైలోనే మొదలెట్టాలని చెప్పింది, సిఫార్సు ఉత్తరాలకి టీచర్లని ఇప్పుడే అడగాలని చెప్పింది. ఆ ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది.

"ఇంకేమన్న చెప్పిన్రా అనూ?" అని అడిగింది మనీషా.

"లేదు, అంతే" అంది అనురాధ.

ఏం చేస్తుంది పాపం, అనకండి. ఈషాన్‌కి బయాలజీ అంటే ప్రాణం. వాడు ఫారం పెడితే ఆ నాలుగింట్లో ఒకటి వాడిదేనని స్కూల్లో ఎవరినడిగినా చెబుతారు. నాలుగు మూడవుతాయి. ఆ మూడింటిలో ప్రియకి వస్తుందో రాదో! నా బిడ్డ సంగతి నేను చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారు అని అనురాధ తనకి తాను నచ్చచెప్పుకుంది. మన పిల్లల పేరు చెప్పి మనం ఎన్ని పనులు చేయమండీ!

ప్రియ చేత ఆ వారమే ఫారం పెట్టించింది. "రిజల్ట్ వచ్చేదాకా ఎవరితోనూ అనకు. దిష్టి తగులుతుంది" అంది. ప్రియ నవ్వేసి సరే అంది. ఈషాన్‌ కూడా పెట్టే ఉంటాడు, ఆంటీ కూడా వాడికి దిష్టి కబుర్లు చెప్పే ఉంటుంది అనుకుంది ఆ పిల్ల.

దారి పొడుగునా అనురాధ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే డ్రైవ్ చేసింది. వెనక సీట్లోంచి కోర్సుల మాట వినిపిస్తే చాలు, పాటల సౌండ్ పెంచేది. ఈషాన్ వచ్చే ఏడాది సంగతి ఎత్తగానే, లంచ్‌కి ఎక్కడ ఆగుదాం అని అడిగింది. అప్పటికి ఎనిమిదైనా కాలేదు.

"ఏమైంది అనూ, ఇయ్యాల గిట్లున్నవ్?" అంది మనీషా.

"రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు."

అది మాత్రం నిజమే.

డేవిస్ క్యాంపస్ నిండా సైకిళ్ళు. పొద్దుటంతా టూర్ చేశారు. మధ్యాహ్నం రెండింటికి ఒక హాల్లో అడ్మిషన్స్ ఆవిడ మాట్లాడింది. అనురాధ నిమిషానికోసారి ఫోన్లో టైము చూసుకుంటూనే ఉంది. ఇంకో గంటన్నర గడిస్తే చాలు, ఇక ఎవరూ చేయగలిగింది ఏమీ ఉండదు.

అడ్మిషన్స్ ఆవిడ నవ్వుతూ అడిగింది. "మీలో ఎవరి స్కూల్లోనైనా రీసెర్చ్ కోర్సు ఉందా?"

ఈషాన్ చెయ్యెత్తాడు. "మా స్కూల్లో లేదు. ఉంటే నేను ఫస్ట్ సైనప్ చేసేవాణ్ణి" అన్నాడు. హాల్లో అందరూ నవ్వారు.

ప్రియ నవ్వలేదు. వాడి వంక చూసింది, తర్వాత తల్లి వంక చూసింది. అనురాధ చటుక్కున తల దించుకుని హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతకడం మొదలుపెట్టింది. ఆ వెతకడం చూశాక ప్రియకి ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

హాల్లోంచి బయటికొచ్చాక, నీళ్ళ కుళాయి దగ్గర తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మా, ఈషాన్‌కి తెలీదు. నువ్వు ఆంటీకి చెప్పలేదా?"

అనురాధ నీళ్ళు నమిలింది. "చెప్పాననే అనుకున్నా... ఆ రోజు చాలా విషయాలున్నాయి కదా..."

"అమ్మా, ప్లీజ్. దిష్టి అని చెప్పావ్ నాకు. అది దిష్టి కాదు కదా?"

"మెల్లిగా మాట్లాడు! నాలుగే సీట్లు. వాడు పెడితే ఒకటి పోయినట్టే. నీ అప్లికేషన్‌లో ఆ కోర్స్ ఉంటే ఎంత డిఫరెన్స్ వస్తుందో నీకు తెలుసా? సరే, ఇంటికెళ్ళాక చెప్తాలే."

"ఇంటికెళ్ళేసరికి ఫైవ్ థర్టీ అవుతుంది. ఫోర్‌కి క్లోజ్." ప్రియ తల్లి చెయ్యి వదల్లేదు. "వాడు నా ఫ్రెండ్ అమ్మా. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

అప్పుడు టైము మూడుకి తొమ్మిది నిమిషాలు తక్కువ.

బయట గడ్డిలో దుప్పటి పరిచి మనీషా డబ్బా విప్పుతోంది. "రా అనూ, నువ్వు లంచ్‌ల ఏం తినలే. మొహం చూడు ఎట్ల చిన్నగైందో" అంటూ ఒక ముక్క తుంచి ఇచ్చింది. అనురాధ అది చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత బ్యాగులోంచి నలిగిన కాగితం తీసి ఇచ్చింది.

"మనీషా, ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడే గుర్తొచ్చింది."

చూశారా, నిజం చెప్పడానికి వెళ్ళిన మనిషి నోట్లోంచి ఇంకో అబద్ధం వచ్చింది.

మనీషా చదివి ఉలిక్కిపడింది. "ఓయమ్మో, ఇయ్యాల నాలుగింటికేనా! మర్చిపోతే మర్చిపోయినవ్ తియ్, ఎవ్వలు మర్వరు? జర టైముకన్న యాదికొచ్చింది. ఈషాన్! ఇటు రా, తొందరగ!"

ఈషాన్ కాగితం చదివాడు. వాడి ముఖం పాలిపోయి, అంతలోనే ఎర్రబడింది. అక్కడే కూలబడి ఫోన్లో రెండు బొటనవేళ్ళతో వ్యాసం టైప్ చేయడం మొదలుపెట్టాడు. ప్రియ తన ఛార్జర్ ఇచ్చింది. పక్కన కూర్చుని, వాడు రాసిన ఒక్కో వాక్యాన్నీ పైకి చదివి తప్పులు చెప్పింది. తను రాసిందేమిటో మాత్రం చెప్పలేదు, వాడూ అడగలేదు.

సంతకం దగ్గర చిక్కొచ్చింది. తల్లి అకౌంట్‌లోకి వెళితే తప్ప సంతకం పడదు. మనీషా పాస్‌వర్డ్ పని చేయలేదు. కొత్తది పెట్టుకోవడానికి పంపే లింకు ఆమె భర్త ఈమెయిల్‌కి వెళ్ళింది. ఆయన ఆఫీసులో మీటింగులో ఉన్నాడు. ఒకసారి ఫోన్ చేసింది, ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడూ ముప్పై ఎనిమిది. మనీషా మళ్ళీ మళ్ళీ నంబర్ నొక్కుతోంది. "దేవుడా, దేవుడా" అంటోంది. అనురాధ చెట్టు కింద నిలబడి చూస్తోంది. ఈ గంట కోసమే కదా ఆమె మూడు వారాలు కాచుకుని కూర్చుంది! ఇప్పుడు మాత్రం ఆయన ఫోన్ ఎత్తాలి, ఎత్తాలి అని వెయ్యి దేవుళ్ళకి మొక్కుతోంది. మూడూ నలభై ఆరుకి ఆయన తిరిగి ఫోన్ చేశాడు. లింకు వచ్చింది. సంతకం పడింది. ఈషాన్ పంపే బటన్ నొక్కాడు. తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది, ఆగకుండా తిరిగింది.

ఫారం అందింది అని తెర మీద పడింది. టైము మూడూ యాభై ఏడు.

మనీషా ఒక్క ఉదుటున లేచి అనురాధని కావలించుకుంది. కళ్ళనిండా నీళ్ళు. "నువ్వు లేకుంటే నా కొడుకు ఆగమైపోతుండె అనూ. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

అక్కడితో ఊరుకోవచ్చు. ఫారం వెళ్ళింది, స్నేహం నిలిచింది, ప్రియ కూడా నోరెత్తదు. కానీ ఆ కౌగిలింతలో అనురాధ నిలవలేకపోయింది. మనీషా చేతులు విడిపించుకుంది.

"నేను మర్చిపోలేదు మనీషా."

"ఏంది?"

"ఆ రోజే తెలుసు. నువ్వు అడిగావు కూడా. కావాలనే చెప్పలేదు. ప్రియకి రాదేమోనని భయపడ్డాను. ఇవాళ కూడా ప్రియ నిలదీయకపోతే చెప్పేదాన్ని కాదు."

మనీషా చాలాసేపు ఆమె ముఖంలోకి చూసింది. నలిగిన కాగితాన్ని మడతలు సాపు చేసి చూసుకుంది.

"ఇది నా కోసమే తీసుకున్నరా?"

"అవును."

"మూడు వారాలు మీ బ్యాగులనే ఉన్నదా, అనురాధగారూ?"

మూడేళ్ళ నువ్వు ఒక్క నిమిషంలో మీరైపోయింది. చెంప పగలగొట్టినా అనురాధకి అంత నొప్పి పుట్టేది కాదు.

"పదండి, ట్రాఫిక్ ఎక్కువైతది" అంది మనీషా. వెనక సీట్లో కొడుకు పక్కన కూర్చుంది. ఇంటి ముందు దిగి, తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళింది. ఈషాన్ మాత్రం అలవాటు కొద్దీ థాంక్యూ ఆంటీ అన్నాడు. ఆ మాటకి అనురాధ తలెత్తలేకపోయింది.

తమ ఇంటి ముందు బండి ఆపాక ఆమె స్టీరింగ్ మీద తల ఆనించి భోరున ఏడ్చింది. ఇంకా ఎండ తగ్గలేదు. ఎదురింటి వాళ్ళ పిల్లలు డ్రైవ్‌వేలో బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు.

"నీ కోసమే చేశానే" అంది వెక్కుతూ. "నా కోసం ఏనాడైనా ఏదైనా దాచుకున్నానా?"

ప్రియ సీటు బెల్టు విప్పుకుంది. తర్వాత మెల్లిగా అడిగింది.

"నా ఎస్సే చదివావా అమ్మా?"

"చదివాను. చాలా బాగుంది."

"నిజంగా?"

"ఒట్టు."

"అయితే ఈషాన్ అప్లై చేస్తే నాకు రాదని ఎందుకు అనుకున్నావ్?" ప్రియ కళ్ళు తుడుచుకుంది. "అప్పటికి నేను ఇంకా ఎస్సే స్టార్ట్ కూడా చేయలేదు. అప్పుడే, ఆ పార్కింగ్ లాట్‌లోనే, నేను ఓడిపోతానని నువ్వు డిసైడ్ చేశావ్. ఇప్పుడు నాకు వచ్చినా, నేను గెలిచానని నాకు ఎలా తెలుస్తుంది?"

సీటు వస్తుందో రాదో మే నెలలో తెలుస్తుంది. కానీ ఆ పిల్ల అడిగిన దానికి మే నెలలో కూడా జవాబు రాదు. ఇరవై నాలుగు గంటలూ కూతురి కోర్సులు, కూతురి కాలేజీలు, కూతురి భవిష్యత్తు అంటూ పరుగెత్తిన తల్లి, ఆ కూతురికి ఇవ్వాల్సిన ఒక్కటి మాత్రం ఇవ్వలేదని ఆ క్షణంలో అనురాధకి అర్థమైంది.

అమ్మల్లారా, నాన్నల్లారా, మన గ్రూపుల్లో, మన పార్టీల్లో, మన కార్లలో రోజూ ఎన్ని కాగితాలు ఇలా బ్యాగుల అడుగున నలుగుతున్నాయో మనకి తెలుసు. పక్కింటి బిడ్డకి దారి చెప్పకుండా దాచిన ప్రతిసారీ, నీ మీద నాకు నమ్మకం లేదని మన బిడ్డకే చెబుతున్నాం.