పెత్రమాసకు వచ్చే ఆట

భాద్రపదం చివరికి వచ్చేసరికి వెంకటేశ్‌కు కాలు ఒకచోట నిలవదు. గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో అందరికీ పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, గుర్తుకొచ్చే రోజుల్లో అతనికి మాత్రం కరీంనగర్‌లోని అర్జున్ దుకాణం గుర్తుకొస్తుంది. 'మైదాన్' అనే క్రికెట్ వీడియో గేమ్ ప్రతి ఏడూ సరిగ్గా అప్పుడే కొత్తగా వస్తుంది. కొత్తది అని పేరే గాని, అందులో కొత్తదనం వెతకాలంటే భూతద్దం కావాలి. పోయినేడు నీలం చొక్కా ఉంటే ఈయేడు దానికో తెల్ల చార వేస్తారు, స్టేడియంలో నాలుగు దీపాలు ఎక్కువ పెడతారు, అట్ట మీద అంకె మారుస్తారు. మిగతాదంతా పాత చింతకాయ పచ్చడే. ఆ సంగతి కొనేవాళ్లందరికీ తెలుసు. అయినా ఏటేటా కొంటారు. తెలిసి చేసే తెలివితక్కువ పనుల్లో ఇదొకటి అని మనం నవ్వి ఊరుకోవచ్చు, కాని వెంకటేశ్ సంగతి అంత తేలిగ్గా తీసిపారేసేది కాదు.

అతనికి ముప్పై ఆరేళ్లు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. తండ్రి రాజేశం బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై చనిపోతే, ఆ ఉద్యోగమూ ఆ క్వార్టరూ పెద్దకొడుకుగా అతనికి వచ్చాయి. వాటితో పాటు తమ్ముడి బాధ్యతా వచ్చింది. తమ్ముడి పేరు పర్శరాములు. ముసలివాళ్ల పేరు పెట్టారని బడిలో అందరూ ఏడిపిస్తే ఏడ్చేవాడు. అందుకే మైదాన్‌లో తన బొమ్మను తానే తయారు చేసుకున్నప్పుడు 'పర్శ' అని సగానికి కత్తిరించి పెట్టుకున్నాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటు, కొంచెం కుంగిన భుజం, చొక్కా మీద పదిహేడో నంబరు, అన్నీ తనవే. ఆ ముఖం కుదిరేదాకా మూడు రోజులు కూర్చున్నాడు. ఈ ఓపిక పదో తరగతి లెక్కల మీద పెడితే బాగుపడేవాడివని అన్న వెక్కిరించేవాడు. అయినా ఇద్దరూ కలిసి ఆడేవాళ్లు.

ఆరేళ్ల కిందట కొత్త మైదాన్ వచ్చిన రోజు వెంకటేశ్‌కు ఫస్ట్ షిఫ్టు పడింది.

"నువ్వు పోయి తే తమ్మీ. నేనొచ్చేవరకు పెట్టి ఉంచు" అని బండి తాళం చేతికిచ్చి డ్యూటీకి పోయాడు.

పర్శ కరీంనగర్ పోయి డిస్కు కొన్నాడు. తిరిగి వస్తుంటే సుల్తానాబాద్ దాటాక ఓ ఇసుక ట్రాక్టరు ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డం తిరిగింది. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు అక్కడికక్కడే పోయాడు. సంచిలో డిస్కు మీద గీత కూడా పడలేదు.

పదకొండో రోజు అయిన మర్నాడు వెంకటేశ్ తలుపు దగ్గరికి వేసి, ముందు గదిలో టీవీ కింది గేమ్ పెట్టెలో ఆ డిస్కు పెట్టాడు. పాత ఆటలోని మీ ఆటగాణ్ని ఇందులోకి తెచ్చుకుంటారా అని తెర అడిగింది. తెచ్చుకుంటానని నొక్కాడు. కొంచెం కుంగిన భుజంతో, బ్యాటు ఊపుకుంటూ, పదిహేడో నంబరు పచ్చిక మీదికి నడిచి వచ్చాడు. వెంకటేశ్ నోట్లో తువ్వాల కుక్కుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే ఆడాడు.

ఆటకు ఒక నియమం ఉంది. ఆటగాడు పోయినేటి ఆటలోంచి ఈయేటి ఆటలోకి మాత్రమే వస్తాడు. ఒక్క ఏడు తప్పిందా, ఇక దాటలేడు. అందుకని వెంకటేశ్ ఒక్క ఏడూ తప్పలేదు. ఒకసారి మాత్రం తప్పేదే. మూడేళ్ల కిందట సెలవు దొరక్క నెల రోజులు ఆలస్యమైంది. అప్పుడో మధ్యాహ్నం పాత ఆటనే తెరిచి చూస్తే స్టేడియంలో మనిషన్నవాడు లేడు. బౌలర్ లేడు, అంపైర్ లేడు, జనం అరుపు లేదు. బయట ఉన్నంత ఎండా అక్కడా ఉంది. పిచ్ నడుమ పర్శ ఒక్కడే నిలబడి ఉన్నాడు. వెంకటేశ్ ఏ బటన్ నొక్కినా కదల్లేదు. తల మాత్రం మెల్లగా తిప్పుతూ, ఖాళీ కుర్చీల వరుసలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. వాటిలో ఎవరైనా వచ్చి కూర్చుంటారేమో అన్నట్టు ఆ చూపు అటు చివరిదాకా పోయి, మళ్లీ ఇటు చివరి నుంచి మొదలైంది. వెంకటేశ్ టీవీ ఆపేశాడు. ఒంట్లో బాగాలేదని గనికి ఫోన్ చేసి, చెప్పులేసుకుని కరీంనగర్ బస్సెక్కాడు.

ఆ రోజు దుకాణంలో అర్జున్ డిస్కు కవరు తుడుస్తూ చెప్పాడు. "గదే ఆట అని అందరికి ఎరుకేనన్నా. కని దోస్తులందరు కొత్తదాంట్లకు పోతరు. పాతదాంట్ల ఒక్కడే ఉండి ఎవనితోని ఆడుతడు? ఒంటిగ ఉండలేకనే కొంటరు."

అర్జున్ తన దగ్గర కొనేవాళ్ల గురించి అన్నాడు. వెంకటేశ్‌కు మాత్రం ఆ మాట తమ్ముడి గురించే అన్నట్టు వినిపించింది.

ఇంట్లో మరో గొడవ ఉంది. పెత్రమాస నాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇవ్వాలి. ఆ బియ్యం ఇంటి మగవాడి చేతి మీదుగా పోవాలి, పోయినవాళ్ల పేర్లు అతని నోటనే రావాలి. ఆ ఇంటి పద్ధతి అది. వెంకటేశ్ ఏటా పోయి గుడి ఐగారి ముందు కూర్చుని తండ్రి రాజేశం పేరు చెప్పేవాడు, తాత మొండయ్య పేరు చెప్పేవాడు, అక్కడ ఆగిపోయేవాడు. ఇంకెవరన్నా ఉన్నారా అని ఐగారు అడిగితే లేరనేవాడు. పక్కన నిలబడ్డ తల్లి రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. చిన్నకొడుకు పేరు చెప్పరా అని ఆమె మొదటి రెండేళ్లూ బతిమాలింది. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆ పేరు అక్కడ చెబితే వాడు పోయినట్టు తాను ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే పంపిందెవరన్న ప్రశ్న దాని వెనకే వస్తుంది. వెంకటేశ్ ఆ ప్రశ్నకు ఆరేళ్లుగా ముఖం చాటేస్తున్నాడు.

రాజక్క అడగడం మానేసింది. దానితో పాటు ముందు గదిలో ఉన్న ఆ టీవీ వంక చూడటమూ మానేసింది. అటు నుంచి పోవలసి వస్తే తల పక్కకు తిప్పుకుని పోయేది.

ఈ ఏడు వెంకటేశ్ భార్య సృజన బతుకమ్మకు ముందే చొప్పదండి పుట్టింటికి పోయింది. ఇంట్లో తల్లీకొడుకులే మిగిలారు. పెత్రమాసకు ముందురోజు వెంకటేశ్ కొత్త డిస్కు తెచ్చి పెట్టాడు. తెచ్చుకుంటారా అన్న ప్రశ్న వచ్చింది, అవునని నొక్కాడు, పర్శ వచ్చాడు. వచ్చాడు గాని నడక తేడాగా ఉంది. కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చినట్టుంది.

తెర మీద ప్రతి ఆటగాడి పేరు కింద శక్తిని చూపే గీత ఒకటి ఉంటుంది. కొత్త ఆటలో అందరికీ అది నిండుగా, పచ్చగా ఉంటుంది. పర్శ పేరు కింద మాత్రం గోరంత ఎరుపు మిగిలింది. అప్పుడు వెంకటేశ్‌కు పోయినేడు అది సగమే ఉన్న సంగతి గుర్తొచ్చింది. అంతకు ముందేడు ముప్పాతిక ఉండేది. వయసు మీద పడుతోందేమోలే అని అప్పుడు సర్దిచెప్పుకున్నాడు. ముప్పై ఏళ్లకు మీద పడే వయసేమిటో అతనికే తెలియాలి.

అర్జున్‌కు ఫోన్ చేశాడు.

"జర రెస్టియ్యన్నా. రెండు మ్యాచులు బయట కూసుండబెట్టు, అదే నిండుతది" అన్నాడు అర్జున్.

రెండు కాదు, ఐదు మ్యాచులు కూర్చోబెట్టాడు. గీత వెంట్రుక వాసి కదల్లేదు. పైగా దగ్గరగా చూస్తే ముఖం కూడా మారింది. చెంపలు లోపలికి పోయాయి. మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఆటలో బొమ్మలు సరిగ్గా నవ్వడమే గగనం, చిక్కిపోవడం ఎక్కడిది? వెంకటేశ్ ఆ ముఖాన్ని చేసిన పేజీకి వెళ్లి చెంపలను మళ్లీ నింపాడు. మైదానంలోకి వచ్చేసరికి అవి మళ్లీ పీక్కుపోయి ఉన్నాయి.

మర్నాడు ఆదివారం, పెత్రమాస. పొద్దున్నే స్నానం చేసి, ఐగారి దగ్గరికి పోయేలోపు ఒక్కసారి చూద్దామని టీవీ పెట్టాడు. మ్యాచ్ మొదలైంది. బౌలర్ పరుగెత్తుకొస్తుండగా పర్శ బ్యాటు కింద పెట్టేశాడు. వికెట్ల ముందు నుంచి పక్కకు జరిగి, పచ్చిక మీద నడుచుకుంటూ బౌండరీ తాడు దాకా వచ్చాడు. వెనక బంతి పడింది, వికెట్లు ఎగిరిపోయాయి, ఒక్కడూ అరవలేదు. పర్శ తాడు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఎడమ అరచేయి పొట్టకు నొక్కి పెట్టుకుని, తెరలోంచి తిన్నగా గదిలోకి చూశాడు. వెంకటేశ్ కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. ఆ కళ్లు కూడా అటే జరిగాయి.

రాజక్క బియ్యం, పప్పు, బీరకాయలు, చింతపండు పెట్టిన చాట పట్టుకుని లోపలి నుంచి వచ్చింది. ఎప్పటిలా తల తిప్పుకోబోయి, ఆగిపోయింది. అలాగే నిలబడి చూసింది.

"ఎప్పటిసంది గట్ల గూసున్నడురా?" అంది.

"ఆటల ఏదో ఖరాబయిందే అవ్వ."

"ఖరాబు గాదు కొడుకా. వానికి ఆకలైతుంది." ఆమె గొంతులో భయం లేదు. "చిన్నగున్నప్పటిసంది గంతే. ఆకలైనా నోరు తెర్సి అడుగకపోతుండె. పొయ్యి కాడికొచ్చి గట్లనే గూసోని నా మొకం జూస్తుండె."

వెంకటేశ్ ఆటను ఆపేయబోయాడు. బటన్ నొక్కాడు గాని తెర ఆరలేదు.

"మీ బాపుకు ఇస్తివి, మీ తాతకు ఇస్తివి" అంది రాజక్క. "వాని పేరు మీద ఆరేండ్ల నుంచి పిడికెడు బియ్యం లెవ్వు. ఎవ్వలు పెట్టకపోతే వాడు ఏడ తినాలె?"

వెంకటేశ్ కింద కూలబడ్డాడు. ఆరేళ్లుగా పళ్లబిగువున ఆపుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "నేనే పంపిన గదనే అవ్వ. నేను పంపకపోతే వాడు పోకపోతుండె."

రాజక్క చాట కింద పెట్టి కొడుకు పక్కన కూర్చుంది.

"నువ్వు బండిచ్చి పంపినవ్" అంది. "గా పొద్దు పొయ్యి మీద అన్నం ఇంకా ఉడుకుతుండె. జర్రంత ఆగి తిని పో బిడ్డా అన్న. ఒచ్చినంక తింట అన్నడు. నేను గట్టిగ ఆపలే. ఉత్త కడుపుతోని పోయిండు. గది నీకు ఎన్నడు చెప్పలే."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు అదే బరువు మోశారు. వెంకటేశ్‌కు తల్లి మీద జాలి ముంచుకొచ్చింది, తన మీద తనకు అసహ్యం వేసింది. తమ్ముణ్ని ఒంటరిగా వదలకూడదని ఏటేటా కొత్త మైదానానికి తోలుకొచ్చాడు. తీసుకొచ్చి ఆడించాడే గాని, వాడు ఏం తిన్నాడని ఒక్కనాడూ అనుకోలేదు. లేచి చాట ఎత్తుకున్నాడు.

కాలనీ గుడి మండపంలో జనం బారులు తీరి ఉన్నారు. వెంకటేశ్ వంతు వచ్చింది. రాజేశం అన్నాడు, మొండయ్య అన్నాడు. ఐగారు అలవాటుగా తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇంకెవరన్న ఉన్నరా?"

వెనక వరుసలో వాళ్లు తొందరపెడుతున్నారు. రాజక్క కొడుకు వీపు మీద చేయి వేసింది.

"పర్శరాములు" అన్నాడు వెంకటేశ్. "మా తమ్ముడు. పోయి ఆరేండ్లయింది."

ఐగారు తల ఎత్తి చూశాడు. పూర్తి పేరు చెప్పి నీళ్లు వదిలించాడు. వెంకటేశ్ రెండు చేతులా బియ్యం ఎత్తి పోశాడు. ఒక దోసిలి చాలు, అతను మూడు పోశాడు.

ఇంటికి వచ్చేసరికి టీవీ అలాగే ఉంది. రాజక్క తిన్నగా వంటింట్లోకి పోయింది. వెంకటేశ్ ఒక్కడే తెర ముందుకు వచ్చి నిలబడ్డాడు. తాడు దగ్గర పర్శ లేచి నిలబడి ఉన్నాడు. చెంపలు నిండాయి. పేరు కింద గీత ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పచ్చగా ఉంది. పర్శ మణికట్టు వెనక భాగంతో మూతి తుడుచుకున్నాడు. అది ఆటలో ఏ బొమ్మా చేసే పని కాదు. ఆ తర్వాత వెనక్కి తిరిగి, పెవిలియన్ మెట్ల వైపు నడిచి, మొదటి మెట్టు మీద ఆగాడు.

తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ ఆటగాడు విరమించుకుంటున్నాడు, ఒకసారి విరమిస్తే మళ్లీ తీసుకురాలేరు, సరేనా అని.

కింద అవును, కాదు అని రెండే గళ్లు. వెంకటేశ్ బొటనవేలు కాదు మీదికే పోయింది. కాదంటే వాడు ఉంటాడు. వచ్చే ఏడూ వస్తాడు, ఆ పై ఏడూ వస్తాడు. మెట్టు మీద పర్శ ఇటు తిరగలేదు. నిలబడి ఉన్నాడు అంతే. అన్న మాట కాదని ఎన్నడూ ఎరగని పిల్లవాడు. పోయి తే అంటే పోయాడు, ఉండమంటే ఇప్పుడూ ఉంటాడు. వెంకటేశ్ ఒక్కసారి వాడి వీపు మీది పదిహేడో నంబరు వంక చూశాడు. వేలు పక్కకు జరిపి అవును నొక్కాడు.

పర్శ మెట్లెక్కి నీడలోకి పోయాడు. పేర్ల పట్టీలో పదహారు తర్వాత పద్దెనిమిది వచ్చింది.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"తిన్నడా కొడుకా?" అని అడిగింది రాజక్క.

"తిన్నడే అవ్వ" అన్నాడు వెంకటేశ్. "తిని పోయిండు."