బిళ్ళ మీది పేరు

గనిలో కప్పు కూలిన రోజు లోపలున్న పన్నెండు మందిలో పదకొండు మంది సాయంత్రానికల్లా బయటపడ్డారు. దీపాల గదిలోని చెక్కబోర్డు మీద ఒక్క ఇత్తడి బిళ్ళ మాత్రం మేకుకి వేలాడుతూ మిగిలిపోయింది. దిగేటప్పుడు తగిలించి, ఎక్కి వచ్చాక తీసుకోవలసిన బిళ్ళ అది. గుమాస్తా దాని మీది పేరు పైకి చదివాడు, రేడియోవాళ్ళు రాసుకున్నారు. అంతే, మూడో రోజుకి ఆ పేరు దేశమంతా పాకిపోయింది.

ఆ పేరుగల మనిషి మాత్రం తన ఇంట్లో, వెనక గదిలో, మంచం మీద ముసుగు తన్ని పడుకుని ఉన్నాడు.

అతనికి నెల రోజులుగా నడుం పట్టేసింది. సెలవులన్నీ అయిపోయాయి. ఇంకొక్క షిఫ్టు ఎగ్గొడితే ఉద్యోగం ఊడుతుందన్నారు. అందుకని తన బిళ్ళ ఇచ్చి తమ్ముణ్ణి పంపాడు. మసి పట్టిన మొహం, తల మీద టోపీ, దాని మీద దీపం, ఇక ఎవరు ఎవరో ఎవడికి కావాలి? గుమాస్తా చూసేది బిళ్ళనే. అన్న బదులు తమ్ముడు, బావ బదులు బామ్మర్ది దిగడం ఆ గనిలో పాత అలవాటే. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఇతను చావకుండానే ఆ వైభోగమంతా చూశాడు. బస్సుల వెనక సుద్దముక్కలతో అతని పేరు రాశారు. ఆస్పత్రిలో ఆ రెండు రోజుల్లో పుట్టిన మగపిల్లల్లో ముగ్గురికి ఆ పేరే పెట్టారట. ఎవరో పాట కూడా కట్టారు. ఏనాడూ ఇతని వైపు చూసి పలకరించని ఎదురింటాయన, ఇతనితో తన స్నేహం గురించి కెమెరా ముందు గంటసేపు చెప్పాడు. కిటికీ సందులోంచి వింటుంటే అతనికి ఒళ్ళు మండిపోయింది.

ముందు గదిలో అతని భార్య విలేకరుల ఎదుట ఏడుస్తోంది. ఏడవక చస్తుందా! నిజం బయటపడితే ఉద్యోగం పోతుంది, మోసం కింద కేసు పెడతారు. అసలు ఏడవాల్సిన మరదలు మాత్రం వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందిస్తూ తిరుగుతోంది. ఆమె గ్లాసులో నీళ్ళు ఒలకబోసుకుంటుంటే, ఎంత మంచి తోడికోడలో అని అందరూ మెచ్చుకున్నారు.

మూడో రోజు పొద్దున్నే రేడియోలో ఇంజనీరు మాట్లాడాడు. సన్న గొట్టం ఒకటి లోపలి ఖాళీ దాకా దింపామనీ, నిన్న సాయంత్రం నుంచి పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నామనీ, జవాబు లేదనీ అన్నాడు. నేల ఇంకా కుంగుతోందట. పది గంటలకల్లా లోపలి నుంచి ఏ అలికిడీ లేకపోతే తవ్వేవాళ్ళని వెనక్కి రప్పించేస్తారట. "బాగా తెలిసిన గొంతైతే పలుకుతాడని స్వయంగా మేస్త్రీ చేతే పిలిపిస్తున్నాం" అని కూడా చెప్పాడు.

అది వినగానే అతను చటుక్కున లేచి కూర్చున్నాడు. నడుం కలుక్కుమన్నా పట్టించుకోలేదు.

ఆ రోజు బిళ్ళ చేతిలో పెడుతూ తమ్ముడికి తను చెప్పిన మాట గుర్తొచ్చింది. "లోపల మేస్త్రీ నా పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలకొద్దురా. నా గొంతు ఆయనకి బాగా తెలుసు. ఏమడిగినా తలూపు, చాలు." తమ్ముడు చిన్నప్పటి నుంచీ అంతే, అన్న మాటంటే వేదవాక్కు. ఒకసారి తను వచ్చేదాకా ఇక్కడే ఉండమంటే, భోరున వర్షంలో పొద్దుగుంకేదాకా అక్కడే నిలబడ్డాడు.

వెనక గది తలుపు తీసుకుని మరదలు లోపలికొచ్చింది. ఆమె కూడా వింది.

"మీ పేరు బతికితే చాలా బావగారూ?" అంది.

అతను చొక్కా వేసుకున్నాడు. వెనకాలే వచ్చిన భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మీకేమైనా పిచ్చా? పదిమందీ మన మొహాన ఉమ్మేస్తారు!"

"ఉమ్మనీ. కడుక్కుంటాను" అని ఆమెని పక్కకి తప్పించి పెరటి తలుపు తీశాడు.

గని గేటు దాకా ఇసకేస్తే రాలనంత జనం. అందరి నోటా అతని పేరే, అందరి చేతుల్లో అతని బొమ్మే. పదేళ్ళ కిందటిది, నెత్తి నిండా జుట్టున్నప్పటిది. ఒక ముసలమ్మ అలాంటి బొమ్మనే అతని చేతిలో పెట్టి, "గట్టిగా అరవరా నాయనా, నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయా?" అని గదమాయించింది. గోడ మీది గడియారంలో పది కావడానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "బంధువులకే. నువ్వేమవుతావు?"

"లోపలున్నవాడికి అన్నని."

"ఆయనకి అన్న లేడు. పేపర్లో వేశారుగా."

"బాబూ, ఆ పేరు నాదే. లోపలున్నది నా తమ్ముడు."

కాపలావాడు విసుక్కున్నాడు. "పొద్దున్నుంచి ఆ పేరు నాదేనంటూ వచ్చినవాళ్ళలో నువ్వు నాలుగోవాడివి. పక్కకెళ్ళవయ్యా."

ఊచల సందుల్లోంచి దూరంగా గొట్టం కనిపించింది. దాని పక్కన మేస్త్రీ అటు తిరిగి కూర్చున్నాడు. తవ్వేవాళ్ళు వెళ్ళిపోవడానికి అప్పుడే గొలుసులు చుట్టేస్తున్నారు. ఊపిరంతా కూడదీసుకుని "మేస్త్రీగారూ!" అని అరిచాడు.

ఇరవయ్యేళ్ళుగా విన్న గొంతు. మేస్త్రీ వెనక్కి తిరిగాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. గొట్టం వైపొకసారి, గేటు వైపొకసారి చూశాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి తనే గేటు తీశాడు. తిట్టడానికి కూడా ఆగలేదు, అతని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాడు.

అతను గొట్టం ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"చిన్నోడా!"

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు.

"చిన్నోడా, నేనేరా, అన్నయ్యని. నాదే తప్పురా. ఇంక పలకరా, నీకు దణ్ణం పెడతాను!"

గొట్టంలో ఏదో గీరినట్టయింది. మేస్త్రీ ఊపిరి బిగబట్టి చెవి దగ్గరగా పెట్టాడు. పీలగా, రహస్యం చెబుతున్నట్టుగా ఒక గొంతు పైకొచ్చింది.

"మెల్లగా అన్నయ్యా... మేస్త్రీ అక్కడే ఉన్నాడు."

ఇంజనీరు తవ్వేవాళ్ళ వైపు పరుగెత్తాడు. అన్న నేల మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. గేటు బయట జనం సంగతి తెలియక ఇంకా ఆ పాత పేరే అరుస్తున్నారు. మేస్త్రీ గొట్టం మీదకి వంగాడు.

"ఉన్నాన్రా, అంతా విన్నాను. ఏమీ అననులే. ఇంతకీ నీ పేరేంట్రా?"